అయ్య కొరికిన దారం

అన్నిటికన్నా నాకు పెద్ద భయం ఒక్కటే, అయ్య నన్ను తిట్టుకుంటూ పోయాడేమోనని. ఆ భయంతోనే జైలు గేటు ముందు నిలబడి ఉన్నాను, చంకలో పాప, చేతిలో సంతకం పెట్టాల్సిన కాగితం. గేటు తీస్తే లోపల జైలు లేదు, నేను ఏడో తరగతితో మానేసిన బడి ఉంది, ఆ బడి వరండాలో కుట్టుమిషను ముందు కూర్చుని అయ్య కరోనా రోజుల్లో జైల్లో కుట్టినట్టే మాస్కులు కుడుతున్నాడు, కత్తెర చేతికివ్వరు కాబట్టి దారం పంటితో పుటుక్కున కొరుకుతున్నాడు.

పొలం గట్టు తగాదాలో శిక్ష పడిన మనిషి. జైల్లో జబ్బు పాకుతోందని, ముసలివాళ్ళని ముందుగానే వదిలేస్తున్నారని, ఇంట్లో ఉంచుకుంటామని ఎవరైనా సంతకం పెట్టాలని కబురొచ్చేసరికి పాపకి మూడో నెల. పాపకి అంటుకుంటుందేమోనని, పద్నాలుగు రోజులాగి పెడతానన్నాను. పదో రోజున అయ్య జైల్లోనే పోయాడు.

"సంతకం పెట్టడానికొచ్చినానయ్యా."

"ఇప్పుడెందుకే అమ్మీ? అందరికన్నా ముందు నన్నే ఒగ్గీసినారు. జామీను నేదు, సంతకం నేదు!" అని పడీపడీ నవ్వుతున్నాడు.

"నామీద కోపమా?"

"కోపమే మరి. ఆ చంకలో గుంటకి నా ముక్కే వొచ్చిందని ఒక్కసారైనా కబురెట్టినావా?"

నేను ఏడవబోతూ అయ్య పక్కన బడిబెంచీ మీద కూర్చుంటే అది కదిలి బస్సవుతుంది, బస్సు తలుపుకి వేపమండలు వేలాడుతున్నాయి, అయ్య వాటిని చూపిస్తున్నాడు.

"నీకు తట్టు పోసినప్పుడు గుమ్మానికి మండలు కట్టి, మీ అమ్మమ్మనే మూడు రోజులు అరుగుమీద కూకోబెట్టీసినాను. పసిగుంట ఉన్న గడపది, ఎవల్ని రానిత్తామేటి? ముసల్ది ఇప్పటికీ తిడతంది, అదిగో."

ముందు సీట్లోంచి అమ్మమ్మ తిరిగి, అడ్డచుట్ట నోట్లోంచి తీసి, "సచ్చినోడా, దోమలు పీకేసినాయిరా!" అంటుంది. బస్సంతా నవ్వు. నాకూ నవ్వొచ్చేస్తోంది.

"మరి గురువులు ఏడీ?" అంటాడు అయ్య. గురువులంటే జైల్లో ఆయన పక్కన పడుకున్న తాత, ఎవరో దూరపు చుట్టం సంతకం పెడితే బయటికొచ్చినవాడు. "గుంటకి చిన్న మాస్కిచ్చి నీకాడికి పంపినాను కదా."

"వొచ్చినాడు. కర్ర చివర తగిలించి దూరంనుంచే అందించినాడు. గుమ్మం బయట మంచినీళ్ళెట్టినాను."

"తాగినాడా?"

"చూడనేదయ్యా. తలుపేసీసినాను."

"అయితే కనుక్కో" అని, అయ్య మళ్ళీ దారం నోట పెట్టుకుంటాడు. పుటుక్.

కళ్ళు తెరిస్తే మధ్యాహ్నపు ఎండ. పక్కన మా పాప, ఇప్పుడు మూడేళ్ళది, ఆ చిన్న మాస్కుని బొమ్మకి కట్టి, ఊడిన ఎర్రదారాన్ని పాలపళ్ళతో కొరుకుతోంది. దానికి ఎవరూ నేర్పలేదు.

మీరు గజపతినగరం వైపువాళ్ళయితే, ఎడమకాలు ఈడ్చి నడిచే గురువులు తాత కనబడితే, అన్నం తిన్నాడో లేదో అడగండి. ఆ రోజు నీళ్ళు తాగాడో లేదో కూడా అడగండి. పాప పెద్దదయింది, ఇప్పుడు మా తలుపు తీసే ఉంటోందని చెప్పండి.