గోరుకు తగలకూడదు

కళ్లు మూసుకుని, చూపుడువేలి గోరును అతుకు మీద అడ్డంగా లాగాడు రుద్దుడు బాబాయి. సన్నగా తగిలింది. ఎమరీ పేపర్‌ను చెక్కముక్కకు చుట్టి మళ్లీ రుద్దడం మొదలుపెట్టాడు. షెడ్డులో ఎవరికి పని నేర్పినా ఆయన చెప్పేది ఒక్కటే: గోరుకు తగలకూడదు. ఇప్పుడు షెడ్డు నడిపే మేస్త్రీ కూడా ఒకప్పుడు ఆయన పక్కన కూర్చుని ఈ మాట విని విని విసిగినవాడే.

ఎదురుగా ఉన్నది పాతకాలపు స్టేషన్ వ్యాగన్. ఇంకా కాలేదు, ప్రస్తుతానికి అతుకుల బొంత. మూతి ఒక కారుది, పైకప్పు ఒక వ్యానుది, వెనకతలుపు ఎప్పుడో మూలపడ్డ అంబులెన్సుది. పక్కతలుపులు నిన్ననే తుక్కుదుకాణం నుంచి వచ్చాయి. చేయించుకుంటున్న పెద్దమనిషికి చిన్నప్పుడు వాళ్లింట్లో ఉన్న బండే కావాలట. అది ఎక్కడా దొరకదు కాబట్టి నాలుగు బళ్లను చంపి దాన్ని పుట్టిస్తున్నారు. బాబాయికి ఇందులో వింతేమీ కనిపించలేదు. కలిగినవాళ్ల చిన్నతనం కాస్త ఆలస్యమైనా తిరిగొస్తుంది.

ఎడమ తలుపు అంచుకొచ్చాడు. పైన నలుపు పోయింది, దాని కింద తెలుపు పోయింది, ఆ కింద లేతాకుపచ్చ తేలింది. చెయ్యి ఆగిపోయింది. ట్యాక్సీ తోలే రోజుల్లో తన కారు కోసం రంగులకొట్టువాడితో పోట్లాడి మరీ కలిపించుకున్న ఆకుపచ్చ అది. బతుకులో ఆయన పోట్లాడిందల్లా ఆ ఒక్కసారే. నమ్మలేక ఇంకాస్త రుద్దాడు. తలుపు తెరిస్తే తప్ప కనిపించని ఆ అంచు మీద, ఒకదానిపైన ఒకటిగా ఆరు అడ్డగీతలు. గాట్లలో దిగిన నల్లరంగు మాత్రం అలాగే నిలిచి ఉంది.

మేకుతో గీసినవి. అప్పట్లో వాళ్లున్నవన్నీ అద్దె ఇళ్లు. గోడ మీద గీత పడితే ఇంటివాళ్లు ఊరుకునేవాళ్లు కాదు. అందుకని ప్రతి పుట్టినరోజుకీ కూతుర్ని కారు తలుపు పక్కన నిలబెట్టి ఎత్తు గీసుకున్నారు. ఇళ్లు మారేవి గానీ కారు మారేది కాదు. ఏడో గీత గీయాల్సిన సంవత్సరం పిల్లకు జ్వరమొచ్చింది. వైద్యానికి కారు అమ్మారు. కారూ పోయింది, పిల్లా పోయింది. ఆ తర్వాత స్టీరింగ్ పట్టుకోబుద్ధి కాక ఈ షెడ్డులో చేరాడు. అప్పట్నుంచీ పరాయి బళ్ల మీద గీతలు చెరుపుతూ బతుకుతున్నాడు.

భార్యకు చూపించాలి. ఆయనకు అదొక్కటే తోచింది. బండి తనది కాదు, తలుపూ ఇప్పుడు తనది కాదు. రంగు పడకముందు ఆమె ఒక్కసారి చూస్తే చాలు. వెళ్లి మేస్త్రీ ఎదుట నిలబడ్డాడు.

"ఏంటి బాబాయ్?"

చెప్పాల్సిందంతా గొంతుదాకా వచ్చింది. నోట్లో నాలుక లేని మనిషని ఆయన్ని ఊరికే అనలేదు.

"ఎడమ తలుపు అంచు కాస్త మిగిలింది. ఇంటికెళ్లొచ్చి నేను చూసుకుంటా."

మేస్త్రీ ఆయన కుడిభుజం వైపు చూశాడు. అది సరిగ్గా లేవడం మానేసి చాలాకాలమైంది.

"నిదానంగానే రా. సాయంత్రానికి బండి రంగుగదిలోకి వెళ్లాలి, అంతే."

భార్య పొయ్యి దగ్గర ఉంది. "మన కారు తలుపొకటి షెడ్డుకొచ్చింది" అన్నాడు. ఏ తలుపని ఆమె అడగలేదు. పొయ్యి కట్టేసింది. మోకాళ్ల నొప్పులతో వీధి మలుపుదాకా కూడా వెళ్లని మనిషి, ఆయనకంటే ముందు నడిచింది.

"రెండో గీత వంకరగా ఉందా? కదలకే అంటే వింటేగా అది."

"అలాగే ఉంది."

"మూడోదానికి మునివేళ్ల మీద లేచింది. మీరు చూసీ చూడనట్టు గీసేశారు."

ఆయన నవ్వాడు. ఆ పిల్ల మాట వచ్చినప్పుడు ఇద్దరిలో ఎవరైనా నవ్వి ఎన్నాళ్లయిందో. ఆమె సంచిలోంచి దారపుండ తీసి చూపించింది. ఒక్కో గీత దగ్గర ఒక్కో ముడి వేసుకుంటుందట.

"దాని పొడుగైనా మన దగ్గరుంటుంది" అంది.

షెడ్డు గుమ్మంలో మేస్త్రీ చేతులు తుడుచుకుంటూ ఎదురొచ్చాడు.

"పిన్నీ, నువ్వెందుకొచ్చావ్ ఇంతదూరం? కూర్చో ముందు. బాబాయ్, నీ తలుపు పని అయిపోయింది. భుజం లాగుతోందని నోరు తెరిచి చెప్పవు కదా. నేనే రేకు తేలేదాకా రుద్దేశా. ఎవడో మేకుతో గీకినట్టున్నాడు, బాగా లోతు. పుట్టీ పెట్టి, ప్రైమర్ కూడా కొట్టించా. చూడు ఎలా వచ్చిందో."

తలుపు తెరిచే ఉంది. అంచంతా బూడిదరంగు. ఆమె దారపుండ పట్టుకుని తలుపు దగ్గరికి వెళ్లింది. తర్వాత వంగి, కిందినుంచి పైకి నెమ్మదిగా గోరు లాగింది. ఎక్కడా తగల్లేదు. ఆరో గీత ఉండాల్సిన చోట ఆగి, మళ్లీ మొదటినుంచి చూసుకుంది. ఆ పైన మొగుడి ముఖంలోకి చూసింది. చెప్పమంటోందో, చెప్పొద్దంటోందో ఆయనకు తెలియలేదు.

మేస్త్రీ మెప్పు కోసం ఎదురుచూస్తున్నాడు. పాపం, వాడి తప్పేముంది? తప్పు చేసినవాడంటూ ఒకడుంటే కనీసం వాణ్ణి తిట్టుకోవచ్చు. బాబాయికి ఏడుపొచ్చింది, అదీ మాటల్లాగే గొంతు దాటలేదు. కళ్లు మూసుకుని తనూ అంచు మీద గోరు లాగాడు.

"బాగా చేశావురా" అన్నాడు.

సాయంత్రం అందరూ కలిసి బండిని రంగుగదిలోకి తోశారు. బాబాయి ఎడమ తలుపు మీద చెయ్యి వేశాడు. ఆమె కూడా వచ్చి పక్కనే చెయ్యి వేసింది. నీకెందుకు పిన్నీ అని మేస్త్రీ అన్నా వినలేదు. గది తలుపులు మూసుకున్నాయి. ముడి పడని దారపుండ తిరిగి సంచిలోకి వెళ్లింది. ఇద్దరూ ఇంటిదారి పట్టారు.

తలుపు రుద్దినచోట నేలమీద అరిగిపోయిన ఎమరీ పేపర్ ముక్కొకటి పడి ఉంది, దాని గరుకంతా లేతాకుపచ్చ పొడితో నిండిపోయి.