ఒకే ఇంట్లో రెండు హాల్ టికెట్లు

"రుణాత్మక పునర్బలనానికీ దండనకీ తేడా ఏమిటి?" చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ ఝాన్సీ సైకాలజీ గైడులోంచి ప్రశ్న చదివింది.

"రెండూ ఒకటేగా. పిల్లాణ్ణి దారిలో పెట్టడమేగా," అన్నాడు ప్రసాద్, సోఫాలో కాళ్లు చాపుకుని.

"కాదండీ. మీ చొక్కా ముందే ఇస్త్రీ చేసి పెట్టాననుకోండి, పొద్దున్నే మీ అరుపులుండవు. అరుపులు తప్పుతాయి కదాని మర్నాడూ ముందే చేసి పెడతాను. అది రుణాత్మక పునర్బలనం. ఇస్త్రీ చెయ్యలేదని మీరు నాతో మాట్లాడ్డం మానేస్తే, అది దండన."

"అబ్బ, భలే చెప్పావే! ఇంక మర్చిపోను," అన్నాడు ప్రసాద్ నవ్వి. ఆమె నవ్వలేదు. ఆ సంగతి అతను గమనించలేదు.

ఇద్దరూ ప్రభుత్వ టీచర్లే. అతను దుగ్గిరాల హైస్కూల్లో సోషల్ చెబుతాడు. ఆమె కొల్లిపర దగ్గర ఒక పల్లెలో ఒకటీ రెండు తరగతుల పిల్లలకి అక్షరాలు దిద్దిస్తుంది. సర్వీసులో ఉన్నవాళ్లు కూడా టెట్ పాసవ్వాల్సిందేనని కోర్టు చెప్పినప్పటి నుంచీ తెనాలిలో ఆ ఇల్లు పరీక్షల ఇల్లయిపోయింది. అంటే, ప్రసాద్‌కి అయింది. అతను చదువుకుంటుంటే టీవీ పెట్టకూడదు, కుక్కరు కూత వెయ్యకూడదు, చుట్టాలు రాకూడదు. అత్తగారు పున్నమ్మ గంటగంటకీ వచ్చి, "వాడికి కాస్త టీ పెట్టివ్వవే, బుర్ర వేడెక్కుంటుంది," అనేది. కోడలికీ ఒక బుర్ర ఉందనీ, అదీ అదే పరీక్షకి వేడెక్కుతోందనీ ఆవిడకి తోచలేదు. "నీదేముంది, చిన్నపిల్లల పేపరు," అనేవాడు ప్రసాద్. ఆ చిన్నపిల్లల పేపరుని ఝాన్సీ బస్సులో నిలబడి చదివింది, పొయ్యి దగ్గర చదివింది, బట్టలు ఆరేస్తూ పైకి అనుకుంది. అతనికి పాఠం చెప్పిన సాయంత్రాలే ఆమెకి మిగిలిన చదువు. బిడ్డని పోల్చకూడదు, కించపరచకూడదు, ప్రయత్నాన్ని మెచ్చుకోవాలి అని అతనికి వివరిస్తున్నప్పుడల్లా, ఈ సూత్రాలన్నీ పిల్లలకేనా, పెళ్లయిన ఆడవాళ్లకి వర్తించవా అని లోపల ఒక ప్రశ్న లేచేది. దానికి ఏ గైడులోనూ జవాబు లేదు.

అతని పరీక్ష బాపట్లలో పడింది. టిఫిన్ బాక్సూ నీళ్ల సీసా పట్టుకుని ఆమె రైల్లో తోడెళ్లింది, అతను లోపల రాసినంతసేపూ గేటు బయట నిలబడింది. ఆమె పరీక్షా అక్కడే, మరో రోజున. "స్టాఫ్ మీటింగుంది, నువ్వెళ్లొచ్చెయ్," అన్నాడు. ఆ మాటకొస్తే అతను వస్తాడని ఆమె అనుకోనూ లేదు. వంట చేసి, మూతలు పెట్టి, ఒక్కతే వెళ్లి రాసి వచ్చింది.

ఫలితాలొచ్చాయి. ఆమె పాసైంది. అతను కాలేదు.

"సిలబస్‌లో లేనివన్నీ ఇచ్చి చంపారు," అని ఫోను సోఫాలో విసిరేశాడు ప్రసాద్. పున్నమ్మ కోడలి వెనకే వంటింట్లోకి వచ్చి గొంతు తగ్గించింది. "వాడసలే మనసు కష్టపెట్టుకున్నాడు. నువ్వు పాసయ్యానని ఊరంతా చెప్పుకు తిరగమాక." ఝాన్సీ సరేనంది. సొంత తల్లికి కూడా ఫోను చెయ్యలేదు. పాసవడం తను చేసిన తప్పులా, ఇంట్లో ఎవరి కంటా పడకుండా మసిలింది.

ఆ నెలలోనే రేపల్లెలో ప్రసాద్ మేనమామ కొడుకు గృహప్రవేశం. మొదటి బంతిలో మగవాళ్లు కూర్చున్నారు. ఝాన్సీ చేతికి పెరుగు బకెట్టు వచ్చింది. ప్రసాద్ పక్కనే వాళ్ల స్కూలు హెడ్మాస్టరు, ఆ ఇంటివాళ్లకీ స్నేహితుడైన శ్రీనివాసరావు కూర్చున్నాడు. ఆమె గరిటె వంచేసరికి ఆయన జాలిగా తలెత్తి చూశాడు.

"బాధపడకు చెల్లెమ్మా. మావాడు చెప్పాడ్లే. నీకు సైకాలజీ ఎక్కించడంలోనే పాపం వాడి టైమంతా పోయిందంట. తనూ పోగొట్టుకున్నాడు, నువ్వూ పాసవ్వలేదు. ఈసారైనా కాస్త శ్రద్ధగా విను."

ఝాన్సీ మొగుడి వైపు చూసింది. అతను తల వంచుకుని చారన్నం కలుపుతున్నాడు, ఎప్పుడో కలిపేసిన అన్నాన్నే మళ్లీ మళ్లీ కలుపుతున్నాడు. ఆమె పాసైన సంగతి దాచమన్నారు, దాచింది. దాచిన చోట ఇతను, ఆమె ఫెయిల్ అని రాసుకున్నాడు. ఆమె చెప్పిన పాఠాన్ని కూడా తన పేరనే చెప్పుకున్నాడు.

"నేను పాసయ్యానన్నయ్యగారూ," అంది. గొంతు పెంచలేదు. "సైకాలజీ ఆయనకి నేనే చెప్పాను. ఈసారి చెప్పను."

శ్రీనివాసరావు నోట్లో ముద్ద ఆగిపోయింది. పక్క విస్తళ్ల వాళ్లు ఇటు తిరిగారు. "ఝాన్సీ, ముందు వడ్డన చూడు," అన్నాడు ప్రసాద్ పళ్లు బిగించి. ఆమె చూసింది. అతని విస్తట్లో పెరుగు వేసి, బంతి చివరిదాకా నడిచి, అందరికీ వేసింది. బకెట్టు అందుకోవడానికి ఎవరూ రాలేదు.

తిరుగు రైల్లో ప్రసాద్ వేరే పెట్టె ఎక్కాడు. పున్నమ్మ కిటికీ పక్కన కూర్చుని కళ్లొత్తుకుంటూనే ఉంది. తెనాలి దగ్గర పడుతుండగా ఇక ఉండబట్టలేకపోయింది.

"నలుగుర్లో వాడి పరువు తీశావు. పోనీలే, అయిందేదో అయింది. వాడికి మళ్లీ పరీక్ష రాబోతోంది. నువ్వు చెప్పనని కూర్చుంటే వాడికింకెవరు చెప్తారే?"

ఝాన్సీ ఆవిడ మొహంలోకి సూటిగా చూసింది.

"నాకెవరు చెప్పారత్తయ్యా?"