ముళ్ళచెట్టు కింది మట్టి

ఆ నవంబరులో మా ఇంట్లో వాసనను మొదట పసిగట్టింది మా అమ్మ డీలియా. పొద్దున్నే టీ కప్పు ముక్కు దాకా తీసుకెళ్ళి, తాగకుండానే బల్ల మీద పెట్టేసింది.

"ఫెస్టీ, ఈ నీళ్ళల్లో ఏదో ఉందిరా."

"ఏముంటుందమ్మా? మన బావి నీళ్ళేగా," అన్నాను.

"వాసనొస్తోంది. రాత్రి నా గదిలోకి కూడా వచ్చింది."

"ఈ నెలంతా అత్తయ్యకి ఏదో ఒకటి వస్తూనే ఉంటుందిలే," అంది నా భార్య ఊనా, నాకు మాత్రమే వినబడేలా.

నవంబరు పోయినవాళ్ళ నెల. ఐర్లండులోని మా మేయో పల్లెల్లో ఆ నెలంతా ఇంటింటా చనిపోయినవారి పేర్లు తలుచుకొని ప్రార్థన చేస్తారు. అమ్మ అందరికంటే ఎక్కువసేపు మోకాళ్ళ మీద ఉండిపోతుంది. వయసు, చలి, నెల ప్రభావం అనుకొని మేమిద్దరం ఆ మాట వదిలేశాం.

కొద్దిరోజులకే ఇల్లు వెచ్చబెట్టే బాయిలరు ఆగిపోయింది. పెరట్లోకి వెళ్ళి కిరసనాయిలు ట్యాంకును గుప్పిటతో కొట్టి చూశాను. డొల్ల మోత మోగింది. చలికాలమంతా ఇల్లు వెచ్చగా ఉండాలని ఆ మధ్యనే నిండా పోయించాం. అదంతా ఏమైందా అని కిందికి చూశాను. ట్యాంకు నుంచి ఇంటి గోడ వరకు ఒక బాటలాగా గడ్డి పసుపు తిరిగి ఉంది. మధ్యలో ముళ్ళచెట్టు దగ్గర అసలు గడ్డే లేదు. అక్కడ కాలు పెడితే బూటు చుట్టూ నీళ్ళు ఊరి, వాటి మీద రంగులు తేలాయి.

ఇన్సూరెన్సు వాళ్ళు డెక్లాన్ అనే అతన్ని పంపారు. నూనె ఇంకిన నేలలను శుభ్రం చేయడం అతని పని. మనిషి లావు, నోటికి విశ్రాంతి లేదు. చెట్టు దగ్గర కూర్చొని వేళ్ళతోనే మట్టి తీశాడు. ట్యాంకు నుంచి బాయిలరుకు నూనె మోసే రాగి గొట్టం బయటపడింది.

"ఈ గొట్టం వేసిన మహానుభావుడెవరండీ? మోకాలి లోతున ఉండాల్సింది. ఇక్కడ పైన దుప్పటి కప్పినట్టు మట్టి కప్పారంతే. ఆవు తొక్కితే చీలిపోయింది."

"మా నాన్న వేయించాడు. చెట్టు దగ్గర తవ్వడానికి కూలీలు ఒప్పుకోలేదు."

"ఏం, వాళ్ళకేం పోయేకాలం?" అంటూ తలెత్తి చూశాడు. పెరటి మధ్యలో ఒంటరిగా నిలబడ్డ ముళ్ళచెట్టు. అతని గొంతు తగ్గింది. "ఓహో. మంచోళ్ళ చెట్టా?"

ఒంటరి ముళ్ళచెట్ల కింద ఉంటారనే, కంటికి కనిపించనివాళ్ళను మా వైపు మంచోళ్ళనే అంటారు. అసలు పేరెత్తితే వింటారని భయం.

"నేనైతే నమ్మనండీ ఇలాంటివి," అన్నాడు డెక్లాన్. "అయినా నా బండి అటు పక్క పెట్టుకుంటాలెండి."

గొట్టం వేసిన రోజు నాకు గుర్తుంది. అప్పుడు నేను బడి మానేసి నాన్నతో పొలం పనికి వెళ్తున్నాను. మంచోళ్ళ కథలు ఎవరు చెప్పినా నాన్న పడీపడీ నవ్వేవాడు. అలాంటివాడు ఆ రోజు టోపీ తీసి, "అది వాళ్ళ చెట్టు, పార పెట్టకండి," అన్నాడు. కూలీలు పారలు కింద పడేశారు. "నాన్నా, నువ్వు కూడా నమ్ముతావా?" అని నేను నవ్వితే, "నోరు మూసుకొని గొట్టం పట్టుకో," అన్నాడు.

డెక్లాన్ లేచి చేతులు తుడుచుకున్నాడు. "ట్యాంకు దగ్గర మొదలుపెట్టి, చెట్టుతో సహా, నడుం లోతున తవ్వాలండీ. లేకపోతే ఇది బావిలోకి దిగుతుంది. మీ బావి ఎంతమంది తాగుతారు?"

"మేమూ, పల్లంలో ఉన్న టామీ వాళ్ళూ."

"అయితే ఆలస్యం వద్దు. రేపే జేసీబీ తెస్తాను. మట్టంతా లారీకెత్తి, డబ్లిన్ రేవులో ఓడెక్కించి, పరాయి దేశం పంపుతారు. అక్కడ పెద్ద కొలిమిలో వేసి కాలుస్తారు."

వెనక గుమ్మంలో అమ్మ నిలబడి ఉందని అప్పటిదాకా చూడలేదు.

"మట్టిని కాలుస్తారా బాబూ?"

"అవునమ్మా. నూనె చుక్క మిగలకుండా."

 అమ్మ లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.

సాయంత్రం తొందరగానే చీకటి పడింది. బాయిలరు మోత లేని ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో అప్పటిదాకా నాకు తెలియదు. వంటింట్లో పాత పొయ్యి రాజేసి, నేనూ ఊనా కోట్లు వేసుకొని దాని ముందు కూర్చున్నాం. గోడ అవతల అమ్మ గొంతు వినిపిస్తోంది.

"ఎవరితో మాట్లాడుతోంది?" అంది ఊనా.

"జపమాల చెప్పుకుంటోంది."

"జపమాల నాకు తెలీదా? విను. 'భయపడకు నాన్నా, భయపడకు' అంటోంది."

నేను లేచి తలుపు దాకా వెళ్ళాను. మాట ఆగిపోయింది. ఆగిన తరువాత, గోడ అవతల పెరట్లోంచో, పొయ్యిలోంచో, సన్నగా ఒక మూలుగు వినబడింది. నిప్పులో తడి కట్టె కూడా అలాగే మూలుగుతుంది. నూనె ఆవిరి నేలలోంచి గదుల్లోకి వస్తే తలనొప్పి, పీడకలలు వస్తాయని డెక్లాన్ చెప్పిపోయాడు. మేము ఆ మాటనే పట్టుకొని కిటికీలన్నీ తెరిచి, చలికి వణుకుతూ పడుకున్నాం.

తెల్లవారి జేసీబీ పెరట్లోకి వచ్చేసరికి అమ్మ ముళ్ళచెట్టు కింద వంటింటి కుర్చీ వేసుకొని కూర్చుంది. చర్చిలో పూజకు వేసుకెళ్ళే నల్లకోటు వేసుకుంది. పాదాలు నూనె బురదలో ఉన్నాయి.

"అమ్మా, లే. నీకు జబ్బు చేస్తుంది."

"ఇక్కడ తవ్వనివ్వను. మంచోళ్ళు ఊరుకోరు."

"రోజూ జపమాల తిప్పేదానివి, ఈ మాటలేమిటమ్మా? డెక్లాన్ నవ్వుతున్నాడు చూడు."

"నేనేం నవ్వట్లేదండోయ్," అన్నాడు డెక్లాన్ యంత్రం మీద నుంచి. "నన్ను ఇందులోకి లాగకండి."

అమ్మ నా చెయ్యి పట్టుకొని దగ్గరకు లాగింది. ఆమె వేళ్ళు మంచుముక్కల్లా ఉన్నాయి.

"మంచోళ్ళూ లేరు, ఎవరూ లేరురా. నీ అన్న ఉన్నాడు."

నాకు అన్న ఉన్నాడని నాకు తెలియదు.

అమ్మ తలెత్తకుండా చెప్పింది. నాకంటే ముందు ఒకడు పుట్టాడట. ఏడవలేదట. జ్ఞానస్నానం లేని బిడ్డకు సమాధుల తోటలో చోటు లేదని అప్పటి ఫాదరు అన్నాడట. అప్పట్లో అందరికీ అదే మాట. పొద్దుగూకాక నాన్న ఆ బిడ్డను సబ్బుల పెట్టెలో పెట్టి, ఒక్కడే మోసుకెళ్ళాడు. అమ్మ మంచం దిగే స్థితిలో లేదు. తరువాత ఒకసారి ఎక్కడని అడిగితే, నాన్న మాట్లాడకుండా టోపీతో ఈ చెట్టు వైపు చూపించాడు. మళ్ళీ ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

"ఎవరూ పార పెట్టకూడదని మంచోళ్ళ పేరు చెప్పాడు మీ నాన్న," అంది. "దేవుడి పేరు చెబితే జనం వినరు. వాళ్ళ పేరు చెబితే వింటారు. ఇప్పుడు వీళ్ళొచ్చి నా బిడ్డను ఓడెక్కించి కాలుస్తామంటున్నారు."

నేను ఏ ఆదివారమూ పూజ తప్పనివాణ్ణి. ఫాదర్లను తప్పుపట్టే చదువు నాకు లేదు. అయినా ఆ బురదలో నిలబడి నాలో నేనే ప్రశ్నించుకున్నాను. స్వర్గమూ నరకమూ కాని ఏదో మధ్యచోటుకు పసివాణ్ణి పంపి, తల్లిని ఇంతకాలం ఇలా కాపలా పెట్టడం నిజంగా దేవుడి మాటేనా, లేక మనుషులు ఆయన నోట పెట్టిన మాటా?  డెక్లాన్ యంత్రం ఆపేసి, దిగి, చేతులు కట్టుకొని నిలబడ్డాడు.

అప్పుడే పల్లం వైపు కంచె దాటి టామీ వచ్చాడు. చేతిలో నీళ్ళ సీసా.

"ఏం డీలియా, కోర్టు పెట్టావా చెట్టు కింద?" అని నవ్వబోయి, ఆమె ముఖం చూసి ఆగిపోయాడు. సీసా నాకివ్వబోయాడు గాని అమ్మే అందుకుంది. వెలుతురుకు ఎత్తి పట్టుకుంది. నీటి మీద రంగులు తిరుగుతున్నాయి.

"పొద్దున పంపులో వచ్చిందమ్మా," అన్నాడు టామీ. "నిన్న కూడా వాసనొస్తే నేను పట్టించుకోలేదు. మా మనవరాలికి పాలపొడి కలిపేది ఈ నీళ్ళతోనే. రాత్రంతా కక్కింది పిల్ల."

"ఎన్నో నెల దానికి?"

"మొన్ననేగా పుట్టింది. నువ్వొచ్చి ఎత్తుకున్నావు కూడా, టోపీ అల్లి పెట్టావు."

అమ్మ సీసాను ఒళ్ళో పెట్టుకుంది.  చెట్టు మీది నుంచి నీటి చుక్కలు ఆమె కోటు మీద పడుతున్నాయి. చివరికి కుర్చీ చేతులు పట్టుకొని లేచింది.

"తవ్వండి. కానీ చెట్టు కింద ఆ ఇనుప పళ్ళు తగలకూడదు. నా కొడుకు చేతులతో తవ్వాలి."

మిగతా పెరడంతా జేసీబీ తవ్వింది. చెట్టు కింద నేను మోకాళ్ళ మీద కూర్చొని చిన్న తాపీతో తీశాను. ఊనా గిన్నె పట్టుకుంది. అమ్మ మా పక్కనే నిలబడి చూస్తోంది. కిరసనాయిలు ఘాటుకు కళ్ళల్లో నీళ్ళు కారుతున్నాయి, ఏది ఏడుపో ఏది ఘాటో తెలియదు. తీసిన ప్రతి పెళ్ళనూ వేళ్ళతో చిదిమి చూశాను. నాకంటే ముందు పుట్టినవాడు, ఎన్నడూ చూడనివాడు ఏ క్షణాన చేతికి తగులుతాడో అని తాపీని ఇంకా మెల్లగా ఆడించాను. ఒకసారి మెత్తగా ఏదో పట్టుకున్నట్టయి, అరిచి చెయ్యి లాక్కున్నాను. వేరు.

"దేవుడా, నా గుండె ఆగిపోయింది," అంది ఊనా.

"మెల్లగారా," అంది అమ్మ. "మెడ కింద చెయ్యి పెట్టి తియ్యాలి."

ఆ మాటకు ఊనా గిన్నె కింద పెట్టి అటు తిరిగిపోయింది.

పెట్టె దొరకలేదు. ఎముక దొరకలేదు. మా నేల పులుపు, పసివాళ్ళను తొందరగా తినేస్తుందని టామీ మెల్లగా అన్నాడు. చేరెడు చోట మాత్రం మట్టి చుట్టుపక్కల కంటే నల్లగా, మెత్తగా ఉంది. అందులో తుప్పు పట్టిన చిన్న మేకులు కొన్ని. అమ్మ వాటిని చేతిరుమాలుతో తుడిచి పిడికిట్లో పట్టుకుంది.

"ఆ మట్టి కూడా నూనే కదా, డెక్లాన్?" అని అడిగాను.

అతను వంగి వాసన చూశాడు.  తరువాత, "అన్నిటికంటే ఎక్కువ దాంట్లోనే ఉందండీ," అన్నాడు. "అయినా కాస్త ఉంచుకుంటే నేను చూడలేదు."

"వద్దు బాబూ," అంది అమ్మ. "సగం ఇక్కడ, సగం అక్కడ చెయ్యకండి వాణ్ణి. వాడు ఒక్కడే."

"మేకులు నాన్న సమాధిలో పెట్టిద్దామమ్మా. ఫాదరును నేను అడుగుతాను. ఇప్పటి ఫాదరు కాదనడు."

"పెట్టించు. మీ నాన్న కొట్టిన మేకులేగా. కానీ మేకులు పెట్టెవిరా. మట్టే వాడు."

నల్లమట్టిని ఊనా గిన్నెలోంచి తన చేతులతోనే లారీలో, మిగతా మట్టి మీద పోసింది. డెక్లాన్ పైన తార్పాలిన్ కప్పి, అంచులు గాలికి ఎగరకుండా ఒక్కొక్కటే కట్టాడు. డ్రైవరు దగ్గరకు వెళ్ళి ఏదో చెప్పాడు.

లారీ కదిలింది. అమ్మ దాని వెనకే నడవడం మొదలుపెట్టింది. మా వైపు శవాన్ని తీసుకెళ్ళేటప్పుడు ఇంటివాళ్ళూ ఇరుగుపొరుగూ బండి వెనక నడుస్తారు. నేను అమ్మ చెయ్యి పట్టుకున్నాను. ఊనా రెండో పక్కకు వచ్చింది. టామీ టోపీ తీసి మా వెనక చేరాడు. లారీ మా నడకను మించి పోలేదు. తార్పాలిన్ కింది నుంచి చుక్కలు చుక్కలుగా నల్లనీళ్ళు రోడ్డు మీద పడుతుంటే, అమ్మ వాటిని తొక్కకుండా పక్కగా అడుగులు వేసింది. ఎదురుగా ఒక కారు వచ్చి, సంగతి తెలియకపోయినా పక్కకు ఆగింది. అందులోని ఆడమనిషి సిలువ గుర్తు వేసుకుంది.

నాలుగురోడ్ల దగ్గర మేము ఆగాం. లారీ ఆగలేదు. మెల్లగా తిరిగి, డబ్లిన్ వైపు రోడ్డెక్కి, అప్పుడు వేగం అందుకుంది. దాని చప్పుడు పూర్తిగా పోయేదాకా అమ్మ నిలబడే ఉంది.

"అక్కడ బాగా కాలుస్తారన్నాడు కదరా ఆ అబ్బాయి?"

"అన్నాడమ్మా."

"అయితే ఇకనైనా వాడికి చలి వెయ్యదు."

ఆ మాట ఊరట కోసం అందో, నన్ను అడిగిందో తెలియలేదు. ఊనా నా వైపు చూసింది. నేను అమ్మ కోటు పైబొత్తం పెట్టి, ఇంటివైపు తిప్పాను.