ఇనుప కొంగకు అంటిన జీళ్ళు

ప్రవేశ పరీక్ష రోజు వచ్చిందంటే మల్‌సున్‌కు నడుం విరిగే చాకిరీ. యూనివర్సిటీ గేటు పక్కన నిలబెట్టిన ఇనుప కొంగకు తల్లులు పొద్దున్నే వచ్చి జీళ్ళు అంటించి పోతారు. అవి ఊడకుండా ఉంటే పిల్లలకు సీటు వస్తుందని నమ్మకం. వాటిని వేడినీళ్ళతో నానబెట్టి గీకడం పదకొండేళ్ళుగా ఆమె వంతు. కొంగను చేసిన ప్రొఫెసర్ ప్యో ఏటా వచ్చి పక్కనే నిలబడతాడు. "రంగు పాడవుతోందమ్మా, ఒక్కటి కూడా మిగలకూడదు" అంటాడు.

ఈ ఏడు ఆమె బకెట్టుతో వచ్చేసరికి ఆయనే కొంగ తోక కింద జీడిముక్క అదుముతూ దొరికిపోయాడు.

"మా చిన్నది రాస్తోందమ్మా ఇవాళ. ఈ ఒక్కటీ సాయంత్రం దాకా ఉంచు."

"అన్నీ ఒకేలా ఉంటాయి సార్. ఉంచితే అన్నీ ఉంచాలి."

ఆయన తలూపాడు. మల్‌సున్ బకెట్టు దించి, కొంగ కాళ్ళ దగ్గరున్న దిమ్మె మీద కూలబడింది.

"మావాడు రాసిన ఏడు నేనూ ఒకటి అంటించాను సార్" అంది మోకాళ్ళు నొక్కుకుంటూ. "నేనే గీకాను. మీరిక్కడే నిలబడి చూశారు."