ముందే పడిన సిరా చుక్క

నేను ఒక సిరా సీసాని. ఎన్నికల రోజున మీ ఎడమచేతి చూపుడు వేలి మీద పడే ఆ ఊదా గీత నాలాంటి సీసాలోంచే వస్తుంది. ఈ క్షణంలో నేను పోలింగ్ బూత్‌లోనే ఉన్నాను. కానీ ఉండాల్సిన బల్ల మీద లేను. ఒక పార్టీ ఏజెంటు చొక్కా జేబులో ఉన్నాను. అతని గుండె నన్ను తన్నుతోంది.

కారణం బల్ల ముందు నిలబడి ఉంది. పేరు నీలవేణి. సిరా పెట్టే ఉద్యోగి ఆమె వేలు పట్టుకుని అలాగే ఆగిపోయాడు.

"మేడమ్, ఈ అమ్మాయి వేలికి ముందే మార్కుంది."

బూత్ అధికారిణి వైదేహి హైస్కూలు లెక్కల టీచరు. ముందు జాబితా చూసింది, తర్వాత వేలు చూసింది.

"జాబితాలో నీ ఓటు పడలేదు. వేలు మాత్రం పడిందంటోంది. ఎక్కడ వేశావమ్మా?"

"ఎక్కడా వెయ్యలేదు మేడమ్."

"మరి ఈ సిరా ఎవరు పెట్టారు?"

నీలవేణి వేలు వెనక్కి లాక్కుంది.

"ఓలమ్మో, ఈ ఆడగుంటకి రెండోట్లంట!" అంది ఎదుటి పార్టీ ఏజెంటు సింహాద్రమ్మ. "నాకూ ఒకటి అప్పియ్యే, సాయంత్రం తిరిగిచ్చేస్తాను."

వరుసలో నవ్వులు లేచాయి. నా జేబు యజమాని మాత్రం నవ్వలేదు. ఓటర్ల జాబితాను గుండెకు అదుముకుని నన్ను దాచుకున్నాడు.

నేను దొంగగా పుట్టలేదు. ఎక్కడో దక్షిణాన ఒక కార్ఖానాలో కొలిచి, మూత బిగించి, పోలీసు కాపలాతో పంపారు. మొన్నటి ఎన్నికల్లో నా మొదటి వేలు ఒక ముసలమ్మది. ఆరేదాకా ఊదుకుంటూ, మనవడి పెళ్ళి చూసినంత సంబరంగా వెళ్ళింది. ఆ రోజు నాకు చాలా గర్వం వేసింది. సాయంత్రం సగం మిగిలిన నన్ను లెక్కచెప్పి అప్పజెప్పాలి. అప్పజెప్పాల్సినవాడు నన్ను లుంగీలో చుట్టి ఇంటికి తీసుకుపోయాడు. రెండు బిర్యానీ పొట్లాలకు నన్ను ఒక అభ్యర్థి మనుషులకు ఇచ్చేశాడు.

ఈ మునిసిపల్ ఎన్నికల్లో వాళ్ళకొక చిక్కొచ్చింది. మూతబడిన జూట్ మిల్లు కాలనీ అంతా వాళ్ళకు వ్యతిరేకం. డబ్బిచ్చినా లోపల ఏ బటన్ నొక్కుతారో తెలియదు. అందుకే ఓటు కొనడం మానేశారు, ఓటెయ్యకపోవడాన్ని కొన్నారు. డబ్బు చేతిలో పెట్టి, వేలికి ముందే నన్ను పూస్తారు. ఇక ఆ మనిషి బూత్‌కి వచ్చినా పనికిరాడు. ఓటేసినవాడికి గుర్తుగా పుట్టినదాన్ని, ఓటెయ్యనివాడికి రసీదునయ్యాను. మనుషుల తెలివికి హద్దు లేదు.

నిన్న మధ్యాహ్నం వాళ్ళ ఏజెంటు, అంటే నా జేబు యజమాని, వెళ్ళిన మొదటి ఇల్లు సొంత అక్కది. అంటే నీలవేణి వాళ్ళది. ఆమె నర్సింగ్ చదువుకు బ్యాంకు అప్పు తీసుకుంది. నగరంలో ఆస్పత్రి ఇచ్చే జీతం అక్కడి గదిఅద్దెకు, బస్సుకు చాలదు. మూడు వాయిదాలు ఆగాయి. తన ఇల్లు పూచీ పెట్టి హామీ సంతకం చేసింది ఈ మేనమామే.

"ఈ కవరు బ్యాంకులో కట్టీయే. ఆ మూడూ తీరిపోతాయి," అన్నాడతను.

"దీనికి నేనేటి చెయ్యాలి మావా?"

"ఏటీ సెయ్యకూడదు. అదే పని. రేపు ఇంటికాడే తొంగో."

ఆమె తండ్రి ముందుగా చెయ్యి చాపాడు. "ఇన్నేళ్ళు ఓటేస్తే ఒక్కడూ టీ నీళ్ళు పొయ్యనేదు. వెయ్యనంటే కవరిస్తన్నారు. ముందే తెలిస్తే ఎప్పుడో మానీసి ఉందును!"

నీలవేణి నవ్వలేదు. బ్యాంకు మనిషి వీధిలో నిలబడి తండ్రి పేరు పెట్టి అరిచిన అరుపు ఇంకా ఆమె చెవిలోనే ఉన్నట్టుంది. కళ్ళు మూసుకుని వేలిచ్చింది.

ఈ ఉదయానికి వీధిలో మిగిలిన ఇళ్ళన్నీ తిరిగాం. చివరగా పక్కింటి గౌరమ్మ అరుగు మీద నా మూత తీస్తుండగా నీలవేణి బయటికొచ్చింది.

"నువ్వు కూడానా పెద్దమ్మా?"

"ఓసి, నీ వేలు సూపించే కదే మీ మావ మా అందర్నీ ఒప్పించాడు! సదువుకున్న నర్సమ్మే ఎట్టించుకుంది, మీకేటి బయ్యం అన్నాడు. వీధంతా ఇచ్చీసింది."

నీలవేణి వీధి పొడవునా చూసింది. ప్రతి గుమ్మంలోనూ ఒక ఊదా వేలు. ఆమె లోపలికెళ్ళి కవరు తెచ్చేసరికి నేను మళ్ళీ ఈ జేబులో ఉన్నాను; దాన్ని నా పక్కనే కుక్కింది.

"బ్యాంకోళ్ళు నా ఇంటికి తాళమేస్తే మీ అత్తకేటి సెప్తావే?" అని పళ్ళు కొరికాడతను.

ఆమె లోపలికి పోయి తలుపేసుకుంది. ఇక రాదనుకుని అతను నేరుగా బూత్‌కి వచ్చాడు. నన్ను పారెయ్యడానికి వీల్లేకపోయింది. గేటు దగ్గర పోలీసులున్నారు.

ఇప్పుడు వైదేహి కుర్చీలోంచి లేచింది.

"చూడమ్మా, మార్కున్న వేలికి ఓటివ్వకూడదు. ఎవరు పెట్టారో చెబితే పై అధికారికి ఫోన్ చేస్తాను. ఆయన వచ్చి నీ సంగతి తేలుస్తారు. నీలాంటివాళ్ళు ఇంకా ఉంటే వాళ్ళదీ తేలుతుంది. చెప్పకపోతే నిన్ను పంపెయ్యాల్సిందే."

నీలవేణి చూపు ఏజెంట్ల బెంచీ వైపు జరిగింది. అతను ఒక్కసారి తల అడ్డంగా ఊపాడు. ఆ కళ్ళలో బెదిరింపు ఉంది, దాని కింద బతిమాలటం కూడా ఉంది. ఇల్లు పోతే అతనికి నిజంగానే మరో ఇల్లు లేదు. ఆ అప్పు తీరకపోతే ఆమెకూ దారి లేదు. వేలు పిడికిట్లోకి ముడుచుకుంది. ఒక అడుగు వెనక్కి వేసింది.

అతని ఊపిరి వదులైంది. అక్కడితో ఊరుకుంటే సరిపోయేది.

"పంపీండి మేడమ్," అన్నాడు గొంతు పెంచి. "ఎవరో దారినపోయే గుంట, దొంగోటుకొచ్చినట్టుంది. లైను ఆగిపోతంది."

నీలవేణి ఆగింది. తిరిగింది. మళ్ళీ బల్ల దగ్గరికి వచ్చి, ముడిచిన వేలు విప్పి బల్ల మీద పెట్టింది.

"నేనెవరో కాదు మేడమ్, ఆయన అక్క కూతుర్ని. డబ్బుకి ఆశపడి చెయ్యి చాపింది నేనే, అది కూడా రాసుకోండి. మా కాలనీ అందరి వేళ్ళకీ సిరా పూసింది మాత్రం మా మేనమామ, ఆ బెంచీ మీదున్న కిల్లాన తవిటినాయుడు!"