థ్రాల్ పాస్టరు రాసిన నా సాక్ష్యం

నా బిడ్డలిద్దరు బాప్తిస్మం లేకుండానే మట్టిలోకి వెళ్లారు. మూడోది యెమీమా. మూడు నెలల పసిగుడ్డు, జ్వరంతో రొప్పుతోంది. మా కనెక్టికట్ ఊళ్లో తల్లో తండ్రో సంఘంలో చేరితేనే బిడ్డ నెత్తిన నీళ్లు పడతాయి. చేరాలంటే మారుమనస్సు ఎలా కలిగిందో సాక్ష్యం ఇవ్వాలి. మగవాళ్లయితే లేచి చెప్పుకుంటారు. ఆడవాళ్లు మందిరంలో నోరెత్తకూడదు కనుక మాది పాస్టరే రాసి చదువుతాడు, మేం తలూపుతాం.

నేను థ్రాల్ పాస్టరుకు ఉన్నదున్నట్టు చెప్పాను. నా చేత కన్నీళ్లు పెట్టించింది ఊరూరా తిరిగే ఓ బోధకుడు, పొరుగువాళ్ల గడ్డికొట్టంలో. అలాంటివాళ్లను ఊళ్లోకి రానివ్వకూడదని ఆ ఏడే, 1742లో, చట్టం వచ్చింది. ఆయన బోధ విన్నాక సగం ఊరు మందిరానికి రావడమే మానేసింది. పాస్టరుకు ఒళ్లుమంట.

శనివారం కాగితం చదివి వినిపించాడు. థ్రాల్ పాస్టరుగారి ప్రసంగం విని నా గుండె కరిగిందట!

“నేను చెప్పింది ఇది కాదండీ.”

“నువ్వు చెప్పాల్సింది ఇదేనమ్మా. ఆ తిరుగుబోతు ఊసు నా మందిరంలో వినపడదు. తలూపావా, నీళ్లు. లేదా, ఇంటికి పో.”

మా ఆయన అశాహేలు దారంతా బతిమాలాడు. “ఓ తలూపడమేగా కెజీయా! బిడ్డ మొహం చూడవే.”

ఆదివారం గిన్నెలో నీళ్లు పైన గడ్డకట్టాయి. పాస్టరు గొంతు పెంచి చదివాడు, తన పేరు వచ్చినచోట ఇంకాస్త పెంచి.

“ఇది నీ సాక్ష్యమేనా?”

ఊపాను. సిగ్గుతో చచ్చిపోయాను. ఆయన మంచు పగలగొట్టి, దేవుడి పేరు చెప్పి నీళ్లు పోశాడు. బిడ్డ కెవ్వుమంది.

అప్పుడు నోరు తెరిచాను.

“ఆ కాగితంలో ఒక్క ముక్క నాది కాదు! ఆరేళ్లుగా ఈయన ప్రసంగాలకు నాకొచ్చింది నిద్రే. నన్ను లేపింది గడ్డికొట్టంలో ఆ బోధకుడు!”

“నోర్ముయ్! ఈ బాప్తిస్మం చెల్లదు!”

“అయితే పోసిన నీళ్లు ఏరుకోండి పాస్టరుగారూ!”

ఆడవాళ్ల బెంచీల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. ముసలి సంఘపెద్ద లేచాడు. “దేవుడి పేరున పోసేశారు అయ్యగారూ. ఇక తీసేయడం మన చేతుల్లో లేదు.”

గురువారం యెమీమా పోయింది, బాప్తిస్మంతో.

ఆ పై ఆదివారం నన్ను వెలివేశారు. దేవుడి ఎదుట అబద్ధానికి తలూపానట. నిజమే, ఊపాను. ఆ అబద్ధం రాసినవాడే వేదికెక్కి నా వెలి చదివాడు.