విరిగిందన్న ముక్క

భర్త దగ్గాడంటే ఆమె మంచినీళ్ళు పట్టుకెళ్ళాలి. ఒక దగ్గయితే వస్తువు ఎప్పటిదో, రెండయితే ఎవరు చేసిందో, మూడయితే ధర ఎంతో చీటీ మీద రాసి గ్లాసు కింద పెట్టి ఇవ్వాలి. పాత వస్తువుల దుకాణానికి వచ్చేవాళ్ళందరూ అతని గొంతు మీద జాలిపడి ఏదో ఒక వైద్యం చెప్పి వెళ్తుంటారు. పద్దెనిమిదేళ్ళలో ఆమెను మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు. నీళ్ళిచ్చే మనిషిని అడగడానికేముంటుంది?

వెనక గదిలో ఆమె బల్లకు ఒక కొసన స్టవ్వు, ఇంకో కొసన భూతద్దం. ఆ పూట పాలు పొంగకుండా ఒక కన్ను అటు వేసి, రెండో కన్నుతో ఓ పాత రివాల్వర్‌ను పరీక్షిస్తోంది. దాన్ని తెచ్చింది ముందు గదిలో కూర్చున్న రిటైరైన నర్సు. పెద్దమ్మ పోతూ పోతూ ఆవిడకు ఇచ్చి వెళ్ళిందట. అది అమ్మి కంటి ఆపరేషన్ చేయించుకోవాలని వచ్చింది.

ఆమె ముందుగా తూటాలు పెట్టే చక్రం తెరిచి, ఖాళీగా ఉందని చూసుకుంది. నాన్న నేర్పిన మొదటి పాఠం అదే. ఆయన తుపాకులు బాగుచేసేవాడు. బొమ్మలతో ఆడుకునే వయసుకే ఆమెకు స్క్రూలు విప్పి మళ్ళీ బిగించడం వచ్చేసింది. "ఆ తుప్పు ఇనుముతో సరసాలేమిటి, ముందు గిన్నెల సంగతి చూడు" అనేది అత్తగారు. పెళ్ళైన కొత్తలో భర్త మాత్రం మురిసిపోయాడు. "నీకు తెలిస్తే నాకు తెలిసినట్టే కదా" అన్నాడు. అదే ప్రేమ అనుకుంది పిచ్చిది. అప్పటినుంచీ ఆమెకు తెలిసిందంతా అతని సంతకంతో ధ్రువపత్రాలై బయటికి పోతూనే ఉంది. అతను ఊళ్ళో లేనప్పుడు ఆ సంతకం కూడా ఆమే పెట్టేసేది.

ఈరోజు వచ్చిన చిక్కేమిటంటే, అతను దగ్గకముందే నోరు జారాడు. "దాని వెనక తూటాను కొట్టే సుత్తికి బొటనవేలు ఆనించే ముక్క ఉండాలండీ. విరిగిపోయింది. మామూలుగా పలికే ధరలో సగం కూడా రాదు" అని నర్సుతో అనడం తలుపు సందులోంచి ఆమెకు వినపడింది.

ఆమె సుత్తిని భూతద్దం కింద మళ్ళీ చూసింది. విరిగి ఉంటే గరుకు తగలాలి. అరగదీసి ఉంటే ఆకురాయి గీతలు కనపడాలి. రెండూ లేవు. పైభాగం నున్నగా ఉంది, మిగతా లోహానికి పట్టిన కాలపు నలుపే దానికీ సమంగా పట్టింది. ట్రిగ్గర్ మెల్లగా లాగితే సుత్తి తనంతట తానే లేచింది, చక్రం ఒక గడి తిరిగింది. సుత్తి ఠక్కున పడకుండా బొటనవేలు అడ్డం పెట్టి దించింది. లేవడం, కొట్టడం రెండూ ఒకే లాగుడుకు జరిగే రకం ఇది. బొటనవేలితో పనే లేదు గనక, చేసినవాడు ఆ ముక్క అసలు పెట్టనే లేదు. ఇలాంటివి అరుదు. గొట్టం మీదా చట్రం మీదా చక్రం మీదా ఒకటే నంబరు, అంటే ఏ భాగమూ మార్చలేదు. ఎవరో పుణ్యాత్ములు దీన్ని తళతళలాడేలా తోమి పాతదనం పోగొట్టకుండా కూడా వదిలేశారు. ధర సగం కాదు, మూడు రెట్లు.

రెండు పనులు ఒక్కటే చేసుకుపోతుంటే, దానికేదో లోపం ఉందనడం ఈ ఇంట్లో కొత్తేమీ కాదులే అనుకుంది. ఈలోగా పాలు పొంగాయి. స్టవ్వు ఆపింది గానీ తుడవలేదు.

ముందు గదిలోంచి దగ్గు. రెండు. మూడు. చీటీ మీద నిజం రాసి పంపితే ఏమవుతుందో ఆమెకు తెలుసు. లోగడ ఓ గడియారం విషయంలో జరిగిందే జరుగుతుంది. అప్పుడు అతను చీటీ చదివి, మడిచి జేబులో వేసుకుని, అన్న మాట మీదే నిలబడ్డాడు. తర్వాత "నలుగురిలో నా మాట పోగొట్టుకోమంటావా?" అన్నాడు. గడియారం తెచ్చిన మనిషి దాన్ని కారుచౌకగా ఇచ్చేసి వెళ్ళిపోయాడు. ఆమె నోరు మెదపలేదు. ఆ సిగ్గు ఇంకా ఆమెను వదల్లేదు.

రివాల్వర్‌ను బట్టలో పెట్టుకుని, గ్లాసు లేకుండానే ముందు గదిలోకి వెళ్ళింది. నర్సుకు ఎదురుగా కూర్చుని, ఆ ముక్క ఎందుకు లేదో, నంబర్లు ఎక్కడున్నాయో, ధర ఎంత పలుకుతుందో ఒక్కొక్కటే చెప్పింది. చూపు ఆనక నర్సు సుత్తిని వేలితో తడిమి చూసింది. నున్నగానే ఉందని ఒప్పుకుంది.

"మా ఆవిడకు ఇవన్నీ సరదా లెండి" అన్నాడు భర్త నవ్వుతూ.

నర్సు నవ్వలేదు. ధ్రువపత్రం ఎవరిస్తారని అడిగింది. అతను వెంటనే కలం తీశాడు. మూడు రెట్ల ధర మీద తన సంతకం ఉండటానికి అతనికి అభ్యంతరమేమీ లేదు.

ఆమె కాగితం తనవైపు లాక్కుంది.

"మీరు దీన్ని సరిగ్గా చూడలేదు కదండీ" అంది. "చూసింది నేను."

వివరాలన్నీ నింపి, కింద కలం ఆనించగానే చెయ్యి అలవాటు కొద్దీ అతని పేరులోని మొదటి అక్షరం రాసేసింది. ఆమె ఆగింది. ఆ అక్షరాన్ని కొట్టేసి, పక్కన తన పేరు రాసింది.

"కొట్టివేత ఉంటే కాగితం చెల్లదు" అన్నాడు భర్త మెల్లగా.

కొట్టివేత పక్కన కూడా సంతకం పెడితే చెల్లుతుంది. ఆమె రెండోసారి కూడా తన పేరే రాసింది.